రాతి గొడుగు మీద ముసుగు

నా ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నీ ఉత్తరాలే. మిగతావాళ్ళు లంచాలు తిని, సంతకాలు ఫోర్జరీ చేసి, విగ్రహాలు మాయం చేసి సస్పెండవుతుంటారు. నాకంత చొరవ లేదు. నాకున్న జబ్బల్లా స్పష్టత కోరడం. ఏ చిన్న అనుమానం వచ్చినా పై ఆఫీసుకు రాసి, చివర "తగు ఆదేశములు జారీచేయ ప్రార్థన" అని పెట్టి, కింద పరిమి భుజంగరావు, క్యూరేటరు అని సంతకం చేస్తే తప్ప నాకు అన్నం సయించదు.

ఒకసారి మ్యూజియం చూరుకు తేనెపట్టు పట్టింది. మా అటెండరు దస్తగిరి పొగ పెడతానన్నాడు. ఆగమని పైకి రాశాను. పదకొండు నెలల తర్వాత జవాబొచ్చింది. సదరు పట్టు పురావస్తువుల చట్టం కిందికి వచ్చునో రాదో తేల్చుటకు దాని వయస్సు తెలియజేయమని. ఈలోగా ఈగలు లేచిపోయాయి. ఎందుకైనా మంచిదని ఖాళీ పట్టుకు నంబరు వేయించి అద్దాలపెట్టెలో పెట్టించాను.

ఆ పట్టు కాక, మా చింతలదిబ్బ మ్యూజియంలో నలభై ఒక్క రాళ్ళున్నాయి. వాటిలో నలభై నాలాంటివే, ఉన్నాయంటే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నిజంగా చూడదగ్గది. తరతరాలుగా అది కాలువ రేవులో బోర్లా పడి ఉంటే ఊరివాళ్ళు దానిమీద బట్టలు ఉతుక్కున్నారు. కాలువ బాగుచేస్తూ తిరగేస్తే కింద రెండువేల ఏళ్ళ నాటి ఊరేగింపు బయటపడింది. యువరాజు ఇల్లు విడిచి అడవికి వెళ్ళిపోతున్నాడు. ముప్ఫై ఇద్దరు మనుషులు, మధ్యలో జీను వేసిన గుర్రం. గుర్రం మీద మాత్రం ఎవరూ లేరు. ఆ రోజుల్లో బుద్ధుణ్ణి మనిషిగా చెక్కేవారు కాదు. పక్కన నడిచే ఒక పిల్ల చేతికి గొడుగిచ్చి ఖాళీ జీను మీద పట్టించారు. గొడుగుంటే కింద ఆయన ఉన్నట్టే. ఆ శిల్పికి చూసేవాళ్ళ మీద అంత నమ్మకం. మా శాఖ ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకునేది కాదు.

ఈ రాయి కోసం రోజూ వచ్చే మనిషి సువార్తమ్మ టీచరు ఒక్కరే. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు చెప్పారు. చెప్పారనడం మర్యాదకు. ఆమె పీరియడ్లన్నీ పరీక్షల పేరుతో లెక్కల మాస్టారు పట్టుకుపోయేవారట. రిటైరయ్యాక ఎవరూ లాక్కోలేని పీరియడ్ దొరికిందని నవ్వుతూ, పది గంటలకు ముక్కాలిపీటా గుడ్డసంచీతో వచ్చి రాయి ముందు కూర్చునేవారు. ఒక్కో మనిషికి ఒక నెల. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే ఆవిడ బుద్ధుడి ఊరేగింపును అంత శ్రద్ధగా గీయడం చూసి, ఇందులో ఏమైనా అభ్యంతరం ఉందేమో కనుక్కుందామని నేనొకసారి కాగితం తీశాను. దస్తగిరి కలం దాచేశాడు.

మార్చి నెల మొదట్లో ఆమె పెన్సిల్ చెక్కుతూ మామూలుగా ఒక మాటన్నారు.

"ఇంకొక్క పిల్లే మిగిలింది సార్. ఆ గొడుగు పట్టుకున్న పిల్ల. ఎండాకాలం దాటకముందే లాగించెయ్యాలి."

"అంత తొందరేముంది టీచర్‌గారూ? రాయి ఎక్కడికీ పోదు."

"రాయి పోదు. నా చూపే పోతంది. చక్కెర జబ్బు కంట్లోకి దిగింది. కుడికన్ను ఇప్పటికే మసక. ఎడమది వానలు పడేదాకా ఉంటే గొప్పే అన్నాడు డాక్టరు. కష్టమైందని దీన్ని చివరికి పెట్టుకున్నా. ముందే గీసుకోవాల్సింది."

ఫ్యాను ఆమె వైపు తిప్పమని దస్తగిరికి చెప్పాను. అదే ఆ ఏడాది నేను సొంతంగా తీసుకున్న ఏకైక నిర్ణయం.

మరుసటి వారం మా నియోజకవర్గానికి ఉప ఎన్నిక ప్రకటించారు. పోటీ గొడుగు గుర్తుకూ గంట గుర్తుకూ మధ్య. ఎన్నికల కోడ్ రాగానే ఊరి సెంటర్లో నాయకుల విగ్రహాలన్నీ గోనెసంచుల్లో దూరాయి. నా బల్ల మీదికి ఒక సర్క్యులర్ వచ్చింది. "బహిరంగ ప్రదేశములందు ఎన్నికల గుర్తులను పోలిన సమస్త ఆకృతులను తక్షణమే కప్పివేయవలెను." నేను దాన్ని మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవకుండా ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"దస్తగిరీ, మన రాతిమీద గొడుగుంది కదయ్యా."

"ఉంటే ఉందిలెండి సార్. రెండువేల ఏళ్ళ బట్టీ ఉంది."

"అది గుర్తు కిందికి వస్తుందో రాదో ఒకసారి అడిగి..."

"అడగమాకండి సార్" అన్నాడు దస్తగిరి, చేతులు జోడించి. "అడిగితే చెప్తారు."

ప్రభుత్వ పరిపాలన మీద నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ లేని జ్ఞానం ఆ ఒక్క ముక్కలో ఉంది. కానీ చెప్పింది అటెండరు. వినడం ఎలా? ఆ రాత్రే ఉత్తరం రాసి, ఎన్నికల ఆఫీసుకు ఫ్యాక్సులో పంపాను.

తేనెటీగలకు పదకొండు నెలలు పట్టిన జవాబు గొడుగుకు పదకొండు గంటల్లో వచ్చింది. మర్నాడు ఫ్లయింగ్ స్క్వాడ్ జీపు మా గేటు ముందాగింది. ముందు వీడియో తీసే అతను వెనక్కి నడుస్తూ వచ్చాడు, వెనక కోడ్ అమలు నోడల్ అధికారి వైకుంఠరావుగారు ముందుకు నడుస్తూ వచ్చారు. ఆయన రాయి ముందు నిలబడి కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఈ ఆకృతిని ఏ తేదీన ఏర్పాటు చేసితిరి?"

"సుమారు రెండువేల ఏళ్ళ క్రితం చెక్కారండి. అప్పటికి ఎన్నికల్లేవు."

"కోడ్‌లో కాలపరిమితి పేర్కొనలేదు. గొడుగు ధరించిన స్త్రీ స్థానికురాలా?"

"చెలికత్తె అండి."

"కార్యకర్త అని నమోదు చేయండి" అన్నారాయన గుమాస్తాతో. "గొడుగు కింద ఎవరూ లేరే?"

"ఉన్నారండి. బుద్ధుడు. కనబడకుండా ఉన్నారు. గొడుగును బట్టి ఆయన ఉన్నట్టు మనం అర్థం చేసుకోవాలి."

వైకుంఠరావుగారి మొహం వెలిగింది. "అనగా వ్యక్తిని చూపకుండా, గుర్తు ద్వారా ప్రజల మనసులందు ఆయనను ప్రవేశపెట్టుట. దీనినే మేము పరోక్ష ప్రచారం అంటాము. ప్రత్యక్షం కన్నా ప్రమాదకరం. కప్పండి."

బౌద్ధశిల్పం మీద అంత సూక్ష్మమైన వ్యాఖ్యానం నేను ఏ సెమినార్లోనూ వినలేదు. నిజానికి నా కేటలాగులో రాసిందానికన్నా ఆయన బాగా చెప్పారు.

నా బల్లమీది తెల్లగుడ్డ చింపి గొడుగు వరకు కప్పి, నాలుగు మూలలా లక్క సీలు వేశారు. సువార్తమ్మగారు పీట కాస్త జరుపుకుని, "పోన్లెండి సార్, పిల్ల కనపడుద్దిగా, గొడుగు సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. ఆ రోజు పిల్ల పాదాల దగ్గర మొదలుపెట్టబోతున్నారు.

పెట్టనివ్వలేదు. అరగంట తిరక్కముందే గంట పార్టీ వాళ్ళు ఫిర్యాదు చేశారు. గుండ్రటి రాతిమీద గుడ్డ కప్పితే అది అచ్చం గొడుగులాగే ఉందని, ఇంతకుముందు రాతి గొడుగు మాత్రమే ఉండేదని, ఇప్పుడు ప్రభుత్వం సొంత గుడ్డతో నిజం గొడుగు తయారుచేసి ఇచ్చిందని. మాట నిజమే. వైకుంఠరావుగారు మళ్ళీ వచ్చి పందిరి దుప్పటి తెప్పించి మొత్తం రాయిని కప్పేశారు. సీళ్ళు పన్నెండు.

అక్కడితో ఆగినా బాగుండేది. రాయి కింద పేరుపలక మీద "గొడుగు" అనే మాట ఉంది. దాన్ని ఏం చేయాలని నేను రాశాను. మాట కొట్టేయమన్నారు. కొట్టేశాక, చూడ్డానికొచ్చినవాళ్ళు అడిగితే నోటితో చెప్పవచ్చునా అని రాశాను. "చేతిలో పట్టుకొను వర్షనివారణ సాధనము" అని చెప్పమన్నారు. ఇంతలో గొడుగు పార్టీవాళ్ళు గుర్రం మెడలో గంట ఉందని గుర్తుచేశారు. అది ముసుగు కిందే ఉందని చెబితే, ముసుగు కింద తమ గొడుగు పక్కన గంటను రహస్యంగా ఉంచడం ఇంకా దారుణం అన్నారు. ఇద్దరికీ సమన్యాయం జరగాలంటే కప్పనివాటి సంగతేమిటని నాకొక ధర్మసందేహం వచ్చింది. నా మనసెంత నిష్పక్షపాతమైనదంటే, ఆ సందేహం కూడా రాసి పంపాను.

వారం తిరిగేసరికి నలభై ఒక్క రాళ్ళూ తేనెపట్టూ ముసుగులు వేసుకున్నాయి.

అప్పుడు జనం రావడం మొదలైంది. ఉన్నప్పుడు ఎవరూ చూడని మ్యూజియాన్ని కప్పేశాక చూడ్డానికి ఆటోల్లో వచ్చారు. లోపల ఏముందో తెలియదు కాబట్టి ఎవరికి కావలసింది వాళ్ళకు కనబడింది. ఒక రైతు పెద్ద ముసుగు ముందు దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు. ఆ మర్నాడు అతని తప్పిపోయిన గేదె ఇంటికొచ్చింది. అంతే. శుక్రవారానికి కొబ్బరికాయలు, మంగళవారానికి ముడుపులు. "ముసుగుస్వామి" అని పేరు కూడా పడింది. రెండు పార్టీల అభ్యర్థులూ వచ్చి హారతులిచ్చారు. ఒకరు గొడుగు లోపలే ఉందన్న ధైర్యంతో, ఇంకొకరు గంట లోపలే ఉందన్న నమ్మకంతో. కనబడని దేవుణ్ణి ఊహించుకోమన్న ఆ పాత శిల్పి కోరిక ఇన్నాళ్ళకు ఇలా తీరింది.

మ్యూజియంలో పూజలు జరగవచ్చునా అని నేను రాయకుండా ఉంటానా? వైకుంఠరావుగారి జవాబు ఇప్పటికీ నా దగ్గరుంది. "కోడ్ అమలులో ఉండగా కొత్త దేవుళ్ళను ప్రారంభించరాదు. అయితే ఇప్పటికే కొనసాగుతున్న దేవుళ్ళకు ఈ నిబంధన వర్తించదు."

ఈ సందడిలో సువార్తమ్మగారు రోజూ పదింటికి వస్తూనే ఉన్నారు. ముసుగు ముందు పీట వేసుకుని కూర్చుంటే భక్తులు ఆమెను కూడా కలుపుకుని ప్రదక్షిణ చేస్తున్నారు. ఏప్రిల్ మధ్యలో ఒకరోజు ఆమె నా గదిలోకి వచ్చారు. తలుపు ఎక్కడుందో చేత్తో వెతుక్కుని వచ్చారు.

"సార్, ఒక్క పది నిమిషాలు. పొద్దున్నే జనం రాకముందు ఆ దుప్పటి కొంచెం ఎత్తితే చాలు. ఆ పిల్ల మొహం, చెయ్యీ చూసుకుంటా. మిగతాది నాకు జ్ఞాపకముందిలే."

"సీలు ఉందమ్మా."

"లక్కే కదండీ సార్, మళ్ళీ నేను అతికిస్తా. ముప్ఫై ఏళ్ళు క్రాఫ్టు కూడా చెప్పా" అని దస్తగిరి వైపు చూశారు. దస్తగిరి నా వైపు చూశాడు. నేను ఫైలు వైపు చూశాను.

ఆ క్షణం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు చేతులున్నాయి. గుడ్డ బరువు కిలో ఉండదు. ముసుగుల కాపలాకు వదిలివెళ్ళిన వీడియో అతను తొమ్మిదింటికి టిఫిన్‌కి పోతాడని నాకు తెలుసు. అయినా నేను పిరికివాణ్ణి. పిరికితనానికి నేను పెట్టుకున్న పేరు నియమపాలన. "మీ తరఫున నేను గట్టిగా రాస్తానమ్మా" అన్నాను. ఆమె "మీరు రాస్తే ఇంక అయినట్టే సార్" అన్నారు. వెటకారం అనుకున్నాను గానీ, కాదు. నిజంగానే నమ్మారు.

గట్టిగానే రాశాను. ఉత్తరం నిండా ఆమె కన్ను గురించి, చివరి బొమ్మ గురించి, ఎండాకాలం గడువు గురించి. నా సర్వీసులో నేను రాసిన ఒకే ఒక్క మంచి ఉత్తరం అది. జవాబు కూడా మంచిగానే వచ్చింది. "అర్జీదారు పరిస్థితి పట్ల ఈ కార్యాలయం సానుభూతితో ఉన్నది. చూపు లోపించినవారికి ప్రత్యేక దర్శన వెసులుబాటు కలదు. ఇందుకై, చూపు నలభై శాతమునకు తక్కువ కాకుండా లోపించినట్లు మెడికల్ బోర్డు ధ్రువపత్రము జతపరచవలెను."

ఆమెను నేనే బస్సెక్కించుకుని మెడికల్ బోర్డుకు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు గోడమీద అక్షరాలు చదివించి ముప్ఫై శాతం అని రాశాడు.

"ఇంకో పది శాతం పోయాక రండమ్మా, ఇస్తాను" అన్నాడు. మంచివాడే, ఓదార్పుగానే అన్నాడు. "మీ కేసులో ఎక్కువ రోజులు పట్టదులే."

తిరుగు బస్సులో సువార్తమ్మగారు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "అంటే సార్, చూపున్నప్పుడు చూడకూడదు. పోయాక చూడొచ్చు. అంతేనా?" అని అడిగారు. అంతేనో కాదో కనుక్కుంటానని నేను అనలేదు. అనబోయి ఆగిపోయాను.

మే నెలలో పోలింగు జరిగింది. గొడుగు గెలిచిందో గంట గెలిచిందో ఈ కథకు అనవసరం. గెలిచినవాళ్ళు మొక్కు తీర్చుకున్నారు, ఓడినవాళ్ళు ముసుగుస్వామి అమ్ముడుపోయాడన్నారు. కోడ్ ఎత్తేశారు. సెంటర్లో విగ్రహాలు గోనెసంచుల్లోంచి బయటికొచ్చాయి. నేను పరుగున మ్యూజియానికి వెళ్ళి కత్తెర తీసుకుని, సీలు దాకా వెళ్ళి, ఆగాను. కప్పమని ఉత్తర్వు ఉంది. తీయమని ఉత్తర్వేదీ?

"కొయ్యండి సార్" అన్నాడు దస్తగిరి. "నన్ను కొయ్యమంటారా?"

"ఒక్క రోజు ఆగు" అని వైకుంఠరావుగారి కోసం బయల్దేరాను. ఎన్నికలయ్యాక ఆయన తన సొంత మత్స్యశాఖకు వెళ్ళిపోయారు. చేపల చెరువు గట్టున గొడుగేసుకుని నిలబడి ఉన్నారు.

"భుజంగరావుగారూ, నేనిప్పుడు చేపలవాణ్ణి. రాళ్ళ విషయంలో నాకు అధికారం లేదు" అన్నారు. ఉద్యోగం మారేసరికి ఆయన భాష కూడా మామూలైపోయింది. "నిజం చెప్పమంటారా? మీరు రాయకపోతే నేనసలు మీ మ్యూజియం వైపు వచ్చేవాణ్ణే కాదు. రాశారు కాబట్టి రావాల్సొచ్చింది. రాతపూర్వకంగా అడిగితే, అక్కర్లేదని రాతపూర్వకంగా చెప్పే ధైర్యం ఎవరికుంటుందండీ?"

నేను తిరిగొచ్చి పై ఆఫీసుకు రాశాను. "కప్పిన అధికారియే తొలగించవలెను" అని జూన్‌లో జవాబొచ్చింది. కప్పిన అధికారి చేపలవాడైపోయాడని రాశాను. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. వానలు పడ్డాయి. సువార్తమ్మగారు రోజూ రావడం మానేశారు. మొదట వారానికి రెండుసార్లు, తర్వాత ఆదివారం చర్చి నుంచి ఎవరైనా చెయ్యి పట్టుకుని తెస్తేనే వచ్చేవారు.

ఆగస్టు రెండోవారంలో మాత్రం ఒక ఉత్తర్వు వచ్చింది. ఎన్నికలు పోయినా ఆమె అర్జీ మాత్రం ఆఫీసుల వెంట నడుస్తూనే ఉంది. జూలైలో ఆమెను మళ్ళీ మెడికల్ బోర్డుకు తీసుకెళ్ళి, కొత్త ధ్రువపత్రం దానికి జతపరిచాను. "జతపరచిన ధ్రువపత్రము ప్రకారం అర్జీదారుకు ఎనభై శాతం చూపు లోపించినందున, ముప్ఫై నిమిషములు ముసుగు తొలగించి సదరు శిల్పమును దర్శించుటకు అనుమతించడమైనది." కింద ముగ్గురు అధికారుల సంతకాలు. అందరూ అభినందనలతో పెట్టినట్టున్నారు, సంతకాలు చాలా అందంగా ఉన్నాయి.

దస్తగిరి వెళ్ళి ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. పీట వేసి కూర్చోబెట్టాడు. ఆమె సంచిలోంచి అట్టా కాగితం తీసి, ఒళ్ళో పెట్టుకుని, పెన్సిల్ మొన వేలితో తడిమి చూసుకున్నారు. నేను పన్నెండు సీళ్ళూ కోసి, దుప్పటి పట్టుకుని ఒక్కసారిగా లాగేశాను. ఐదు నెలల కుంకుమా దుమ్మూ నా మీద పడ్డాయి. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఊరేగింపంతా తెల్లగా మెరిసింది. నేను వెనక్కి తిరిగి ఆమె మొహం వైపు చూశాను.

సువార్తమ్మగారు ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.

"తీశారా సార్?" అని అడిగారు.

"తీశారమ్మా" అన్నాడు దస్తగిరి.

"అట్టాగా" అన్నారామె. అట్ట ఒళ్ళో సర్దుకుని, "అయితే సార్, మీరు చూసి చెప్పండి. నేను గీస్తా. ఆ పిల్ల ఎటు చూస్తంది?"

"ముందుకమ్మా" అన్నాను వెంటనే. కేటలాగులో నేనే రాశాను, "పరిచారిక గొడుగు ధరించి ముందుకు చూచుచున్నది" అని.

"సరిగ్గా చూసి చెప్పండి సార్."

దగ్గరికెళ్ళి చూశాను. ఆ పిల్ల ముందుకు చూడటం లేదు. గుర్రాన్నీ చూడటం లేదు. బరువు మోసేవాళ్ళు చూసినట్టు కిందికి, తన అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటోంది. గొడుగు కర్ర రెండు చేతులతో పట్టుకుంది. ఎడమచేతి వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా రోజూ ఈ రాయి పక్కనుంచి నడిచాను. దీన్ని కప్పించాను, దీని గురించి నలభై ఉత్తరాలు రాశాను. రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి నాకు. ఒక్కసారి కూడా చూడలేదు.

"కిందికి చూస్తోందమ్మా" అన్నాను. "చేతులు నొప్పి పుడుతున్నట్టున్నాయి."

"పుడతాయి మరి. ఎంత దూరం నడవాలో ఏమో పాపం" అంటూ ఆమె పెన్సిల్ కదిపారు. గీత కాస్త పక్కకు పోయింది. అయినా ఆగలేదు.

అలా ఒక్కొక్కటే అడిగారు. జడ ఎటు పడింది, మెడలో ఎన్ని వరసలు, మోచెయ్యి ఎంత వంగింది. నేను చూసి చెబుతున్నాను. తప్పు చెబితే మళ్ళీ చూడమంటున్నారు. లెక్కల మాస్టారికి కూడా ఈవిడ ఇలా రెండు క్లాసులు చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

దస్తగిరి గోడ గడియారం వైపు చూసి, ఉత్తర్వు వైపు చూసి, మెల్లగా నా దగ్గరికొచ్చాడు. "ముప్ఫై నిమిషాలు అయినయ్ సార్."

"కాళ్ళకు కడియాలున్నాయా సార్?" అని అడిగారు సువార్తమ్మగారు.

నిలబడితే కనబడలేదు. నేను నేలమీద కూర్చుని, రాతికి మొహం ఆనించి చూడటం మొదలుపెట్టాను.